కల్లము నుండి మిల్లు వరకు

పంట పండించుట ఒక విద్య. పండిన పంటను చెడకుండ గమ్యము చేర్చుట మరియొక విద్య. మొదటి విద్యలో మన రైతులు ఎవరికిని తీసిపోరు. రెండవదానిలోనే చేతికి వచ్చిన సొమ్ము జారిపోవుచున్నది.

మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర మండలములో వరి, పత్తి, మిరప ముఖ్యమైన పంటలు. పత్తి, మిరప మార్కెట్ యార్డులకో, వర్తకుల చేతికో పోవును. వరి ధాన్యము చాలవరకు ఊరి కొనుగోలు కేంద్రమునకే వచ్చును. తెలంగాణలో ఇట్టి కేంద్రములను మహిళా సంఘముల గ్రామ సమాఖ్యలు, సహకార సంఘములు నడుపుచున్నవి. కొన్న ధాన్యమునుబట్టి వారికి కమీషన్ ముట్టును. కనుక ఇది సేవయే కాదు, ఊరిలోని చిన్న వ్యాపారము కూడ.

ఒక ఎద్దు నిలిచినచో బండి నిలుచును. ఈ వ్యాపారమునకు టార్పాలిన్లు, తేమ కొలుచు యంత్రము, గోనె సంచులు, కాంటా, హమాలీలు, లారీ, మిల్లులో దిగుమతి అన్నియు ఒకదాని వెంట ఒకటి నడువవలెను. తేమ 17 శాతమునకు మించిన ధాన్యము కాంటాకు రాదు. సంచులు లేనిచో ఆరిన ధాన్యమును తూచుటకు వీలు లేదు. లారీ రానిచో తూచిన ధాన్యము కదలదు. మిల్లువారు దింపుకొని అంగీకరించినగాని రైతు ఖాతాకు పైకము చేరదు.

ఒక లెక్క చూడుడు. కేంద్రమునకు దినమునకు 400 క్వింటాళ్లు వచ్చుననుకొందము. 40 కిలోల సంచులు 1000 కావలెను. 200 క్వింటాళ్లు మోయు లారీలు రెండు కావలెను. ఒక్కటే వచ్చినచో ఐదు దినములలో 2500 సంచులు ఆరుబయట పేరుకొనును. యాసంగి కోతల వేళ ఒక్క అకాల వర్షము వచ్చిన, నాలుగు నెలల కష్టము మొలకెత్తిపోవును.

హనుమకొండ జిల్లా ముల్కనూరు ఈ విషయమున మనకు ఆదర్శము. అచ్చటి రైతులు 1956లో సహకార సంఘమును స్థాపించుకొనిరి. అప్పు, విత్తనము, ఎరువు ఇచ్చుట, పంటను కొనుట, దానిని శుద్ధిచేసి అమ్ముట అన్నియు ఒకే సంఘము చూచుచున్నది. ఏ రైతు ఎంత విత్తెనో ముందే తెలియును గనుక ఎంత పంట రాగలదో అంచనా వేయుట సులభము. అచ్చటనే 2000 సంవత్సరములో మహిళలు స్వంత డెయిరీని నెలకొల్పిరి. పాలు నిలువయుండు సరుకు కాదు. సేకరణ, పరీక్ష, శీతలీకరణ వేళకు జరుగవలెను. ఆ క్రమశిక్షణ ధాన్యమునకును అవసరమే.

మన కేంద్రములు ఈ క్రింది పద్ధతులు అవలంబించవలెను.

1. కోతకు నెల ముందే వ్యవసాయ విస్తరణ అధికారి వద్దనున్న పంటల నమోదునుబట్టి సంచుల లెక్క కట్టవలెను. 500 ఎకరములలో ఎకరమునకు 24 క్వింటాళ్ల చొప్పున పండినచో 30,000 సంచులు కావలెను.

2. వరికోత యంత్రము పొలములోనికి దిగకముందే రైతులకు వరుస టోకెన్లు ఇవ్వవలెను. అందరి ధాన్యము ఒకే దినమున రాకూడదు.

3. కొన్ని టార్పాలిన్లు ఎల్లప్పుడు విడిగా ఉంచవలెను. మబ్బు పట్టిన తరువాత వెదకుట వ్యర్థము.

4. ప్రతి రైతుకు ధాన్యము వచ్చిన తేదీ, కాంటా తేదీ, లారీ ఎత్తిన తేదీ, మిల్లులో దిగిన తేదీ, పైకము జమయైన తేదీ వ్రాయవలెను.

ఈ చివరిది కొందరికి పనికిరాని రాతపనిగా తోచవచ్చును. కాని ఆలస్యము ఎచ్చట జరుగుచున్నదో ఆ ఐదు తేదీలే చెప్పును. కాంటాకును లారీకిని నడుమ ఆరు దినములు పట్టినచో లోపము రవాణాలో ఉన్నది. మరిన్ని సంచులు తెప్పించి ప్రయోజనము లేదు. మిల్లు వద్ద ఆలస్యమైనచో గ్రామాధికారులు ఆ తేదీలను చూపి పైఅధికారులను అడుగవచ్చును. తేదీలు లేని ఫిర్యాదు వాదులాటగా ముగియును. తేదీలున్న ఫిర్యాదుకు జవాబు చెప్పక తప్పదు.