అధ్యాపక సంఘాలూ, దళిత మాష్టారి నోరూ

అధ్యాపక సంఘం అనగానే ఎవరికైనా గుర్తొచ్చేవి పే స్కేళ్లు, డి.ఏ. బకాయిలు, ప్రమోషన్లు, బదిలీలు. ఇవి చిన్న విషయాలని మేం అనడం లేదు. ఒక్క జీతం మీద రెండు మూడు ఇళ్లు బతికే దళిత కుటుంబాలకు వాటి విలువ ఇంకొకరు చెప్పక్కర్లేదు. అయితే అధ్యాపకుడు రాసిన వ్యాసం మీద, మాట్లాడిన సభ మీద మెమో వచ్చినప్పుడు సంఘం ఏం చేస్తుంది? అది సర్వీసు సమస్య కాదు, ఆయన సొంత గొడవ అని ఊరుకుంటుందా? అసలు ప్రశ్న ఇదే.

ముందు చట్టం సంగతి చూద్దాం. మన రాజ్యాంగంలో విద్యా స్వేచ్ఛ అనే పేరుతో విడిగా ఒక హక్కు లేదు. ఉన్నదల్లా 19(1)(ఎ) కింద పౌరులందరికీ ఉన్న భావప్రకటనా స్వేచ్ఛ, 19(1)(సి) కింద సంఘం పెట్టుకునే హక్కు. ప్రభుత్వోద్యోగి అయినా శాంతియుతంగా ప్రదర్శన చేయవచ్చని 1962లో కామేశ్వర ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సమ్మె మాత్రం ప్రాథమిక హక్కు కాదని అదే తీర్పులో అంది. 1988లో సుందరాంబాళ్ కేసులో, ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టం దృష్టిలో 'కార్మికులు' కారని తేల్చింది. ఫ్యాక్టరీ నుంచి తీసేసిన కార్మికుడికి ఆ చట్టం చూపిన దారి, కాలేజీ నుంచి తీసేసిన మాష్టారికి అలా మూసుకుపోయింది. ప్రభుత్వ కాలేజీల్లో పనిచేసేవాళ్ల నెత్తిన 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఎలాగూ ఉంది. ఇక యునెస్కో 1997లో ఉన్నత విద్యా బోధకుల గురించి చేసిన సిఫార్సులో, బోధన, పరిశోధన, ప్రచురణలతో పాటు తాను పనిచేసే సంస్థ మీద అభిప్రాయం చెప్పే స్వేచ్ఛను కూడా చేర్చింది. సిఫార్సు సిఫార్సే, దాన్ని పట్టుకుని కోర్టుకు పోలేం. కాబట్టి అధ్యాపకుడి మాటకు రక్షణ కాగితం మీద కంటే, పక్కన నిలబడే తోటివాళ్లలో ఎక్కువ ఉంది. ఆ తోటివాళ్లు ఎవరు అన్నచోటే కులం ముందుకొస్తుంది.

మా చెరుకుపల్లి చుట్టుపక్కల వాడల పిల్లలు పై చదువులకు రేపల్లె, పొన్నూరు, తెనాలి, బాపట్ల బస్సులెక్కుతూ వచ్చారు. ఆ పొన్నూరులో సంస్కృతం పాఠాలు చెప్పిన కత్తి పద్మారావు గారే 1985 జులై 17 నాటి కారంచేడు హత్యాకాండ తర్వాత ఉద్యమానికి ముందు నిలిచారు. ఆ సెప్టెంబరు 1న తెనాలిలో దళిత మహాసభ పుట్టింది. దళితుడు సంస్కృతం చెప్పడమే వింతగా చూసిన సమాజం, ఆ మాష్టారు మైకు పట్టుకోవడాన్ని ఎలా చూసి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆరేళ్లకు, 1991 ఆగస్టు 6న, చుండూరులో 8 మంది దళితులను చంపారు. ఈ రెండు ఊళ్ల పేర్లు వింటూ పెరిగినవాళ్లు యూనివర్సిటీలకు వెళ్లారు. మేమూ ఆ వరసలోవాళ్లమే, మా ఇళ్లలో యూనివర్సిటీ గడప తొక్కడం మాతోనే మొదలు. మావాళ్లు చుండూరును క్లాసులోకి తెస్తే అది సిలబస్ కాదన్నారు, సెమినార్లో చెబితే 'ఆవేశం' అన్నారు. మాకు విద్యా స్వేచ్ఛ అంటే మొదటి అర్థం, వాడను పాఠంలోకి తెచ్చుకునే హక్కు.

ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం బోధించిన కంచ ఐలయ్య గారి విషయం తీసుకోండి. 2000లో ఒక ఇంగ్లీషు దినపత్రికలో ఆయన హిందూత్వాన్ని విమర్శిస్తూ రాసిన వ్యాసం వచ్చింది. ఆ మే నెలలో యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆయనకు ఉత్తరం రాశారు. విద్వేషాలు రేపే రాతలు మానుకుని, వృత్తి మర్యాదలకు లోబడి రాయాలన్నది దాని సారాంశం. ఇది సస్పెన్షన్ కాదు, చార్జిషీటూ కాదు, కేవలం 'సలహా'. సలహా మీద అప్పీలు ఉండదు, సర్వీసు పుస్తకంలో నష్టమూ కనిపించదు. అందుకే మామూలు సంఘాల లెక్కలో అది సమస్యగా నమోదు కాదు. కానీ ఆ ఉత్తరం చదివిన ప్రతి దళిత, బహుజన అధ్యాపకుడూ తన తర్వాతి వ్యాసం గురించి రెండోసారి ఆలోచిస్తాడు. దేశమంతటా అధ్యాపకులు, రచయితలు నిరసన తెలిపారు గనక ఆ ఉత్తరం గుట్టుగా ఉండిపోలేదు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2016లో జరిగింది ఇంకా వివరంగా చూడాలి. ఢిల్లీలో ముజఫర్‌నగర్ మీద తీసిన డాక్యుమెంటరీ ప్రదర్శనను అడ్డుకున్నందుకు 2015 ఆగస్టులో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ నిరసన తెలిపింది. గొడవ అక్కణ్ణుంచి ముదిరింది. ఢిల్లీ మంత్రుల ఉత్తరాల దాకా పోయి, చివరికి ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి వెలివేశారు. వాళ్లు గుడారం వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. వాళ్లలో ఒకడైన గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. ఆ నిర్ణయంలో దళిత ప్రొఫెసర్‌కూ భాగం ఉందని కేంద్ర మానవ వనరుల మంత్రి విలేకరులకు చెప్పారు. దళితుడి చావుకు దళితుడినే అడ్డం పెట్టడమన్నమాట!

దీనికి జవాబు యూనివర్సిటీలోని ఎస్సీ, ఎస్టీ అధ్యాపకుల, అధికారుల ఫోరం నుంచి వచ్చింది. కమిటీకి పెద్ద అగ్రకుల ప్రొఫెసరేననీ, దళిత అధ్యాపకుణ్ణి హోదా రీత్యా కలుపుకున్నారనీ ఫోరం ప్రకటించింది. దళిత అధ్యాపకులు పాలనా పదవులకు రాజీనామా ఇచ్చారు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఇవి పాఠం చెప్పే ఉద్యోగం మీద అదనంగా వచ్చే బాధ్యతలు. వాటిని వదిలితే ఉద్యోగం పోదు గానీ, దళితులూ మాతోనే ఉన్నారని చూపించుకునే వీలు యాజమాన్యానికి పోతుంది. చేతిలో ఉన్న ఒకే ఒక్క పనిముట్టును వాళ్లు సరైన సమయంలో వాడారు. ఆ వారంలోనే మిగిలిన విద్యార్థుల మీద చర్య ఎత్తేశారు.

మార్చి 22న వైస్ చాన్సలర్ తిరిగి వచ్చినరోజు పోలీసులు విద్యార్థులతో పాటు కె.వై. రత్నం, తథాగత సేన్‌గుప్తా అనే ఇద్దరు అధ్యాపకులను అరెస్టు చేశారు. 48 గంటలు మించి కస్టడీలో ఉన్న ఉద్యోగి సస్పెండైనట్టే లెక్క అన్న నిబంధన ఒకటుంది. దాని పేరు చెప్పి జూన్‌లో ఇద్దరినీ సస్పెండ్ చేశారు. అధ్యాపకులు, విద్యార్థులు ఆందోళన చేశాక ఆ నెలలోనే ఎత్తేశారు. మాట్లాడినందుకు అని ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు, ఉండేది గంటల లెక్క. అందుకే భావప్రకటన వేరు, సర్వీసు రూల్సు వేరు అనే వాదన మాకు మింగుడుపడదు.

అయితే ఈ పోరాటాలన్నిటికీ వెనక పర్మినెంటు ఉద్యోగం ఉంది. ఈనాడు మా ప్రాంతం నుంచి పి.జి., పిహెచ్.డి. చేసినవాళ్లు చాలామంది కాంట్రాక్టు లెక్చరర్లు, గెస్టు ఫ్యాకల్టీ. వదులుకోవడానికి వాళ్ల దగ్గర పాలనా పదవి లేదు. వాళ్ల నోరు మూయడానికి మెమో, సలహా, 48 గంటల నిబంధన ఏవీ అక్కర్లేదు. వచ్చే విద్యా సంవత్సరానికి పిలవకపోతే చాలు, కారణం కూడా రాయనక్కర్లేదు. రెగ్యులర్ అధ్యాపకుల సంఘాలు వీళ్లను సభ్యులుగా చేర్చుకుంటాయా, రెన్యువల్ నిరాకరించినప్పుడు లిఖితపూర్వకంగా కారణం చెప్పాలని తమ డిమాండ్ల పత్రంలో డి.ఏ. పక్కన రాస్తాయా అని మేం అడుగుతున్నాం. దళిత అధ్యాపక ఫోరాలను కూడా ఇదే అడుగుతున్నాం.