మంచు వయస్సు

ఉత్తర ధ్రువసముద్రమున ఉష్ణోగ్రత సున్నకు దిగువ 1.8 డిగ్రీలకు చేరినంతనే ఉప్పునీటిపై సూదులవంటి స్ఫటికములు పొడసూపి, నూనెతెట్టువలె పరచుకొని, ఒకదానినొకటి పెనవేసికొని, తుదకు మనిషి కాలు మోపదగిన నేలగా పేరుకొనును. గడ్డకట్టునపుడు నీరు తనలోని లవణమును చాలవరకు వెలికి నెట్టివేయును. మిగిలినదియు ఏండ్లు గడచినకొలది క్రిందికి కారిపోవుటచే, కొన్ని వేసవులను దాటిన ముదురుమంచును కరగించి దప్పి తీర్చుకొనవచ్చును. మంచునకును లేతదనము, ముదిమి కలవనుటకు ఇదియే తార్కాణము.

1881లో సైబీరియాకు ఉత్తరమున మంచునడుమ నలిగి మునిగిన జీనెట్ అను నౌకయొక్క శిథిలములు మూడేండ్లకు గ్రీన్‌లాండ్ తీరమున దొరకగా, నార్వే దేశీయుడగు ఫ్రిట్యోఫ్ నాన్సెన్, ఆ మంచు నిలుకడగా నుండక సముద్రమునకు అడ్డముగా పయనించుచున్నదని ఊహించెను. మంచు ఇరుప్రక్కల నొత్తినపుడు నలిగిపోక పైకి లేచునట్లు కొబ్బరిచిప్పవలె గుండ్రని అడుగుతో కట్టించిన ఫ్రామ్ నౌకను 1893 సెప్టెంబరులో ఆయన బుద్ధిపూర్వకముగా మంచులో చిక్కించెను. దాదాపు మూడేండ్లు మంచుతోడనే సాగి, 1896 ఆగస్టున స్వాల్బార్డ్ సమీపమున అది విడివడెను.

2019 అక్టోబరులో జర్మనీ వారి పోలార్‌స్టెర్న్ నౌక, పలుదేశముల శాస్త్రజ్ఞులతో అట్లే ఒక మంచుపలకకు కట్టుబడినది. బయలుదేరిన చోట్లు ఒకటి కాకపోయినను, అది సుమారు 300 దినములకే గ్రీన్‌లాండ్, స్వాల్బార్డుల నడిమి జలసంధికి కొట్టుకొనివచ్చినది. పలుచనై, బలము తగ్గిన మంచును గాలి సులువుగా తరుమును. తరుమబడిన మంచు ముదురకమునుపే వెచ్చని జలములలో కలిసిపోవును.

ఉపగ్రహముల లెక్కలు 1979 సెప్టెంబరున సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లుండిన మంచు, 2012 సెప్టెంబరునాటికి 34 లక్షలకు దిగినదని తెలుపుచున్నవి. ఏటేటను తప్పక తగ్గునని కాదుగాని, దశాబ్దముల వాలు మాత్రము సందేహమునకు తావీయదు. సముద్రముపై తేలు మంచు కరగుటచే నేరుగా నీటిమట్టము పెరుగదు. కాని సూర్యకాంతిలో అధికభాగమును త్రిప్పికొట్టు తెల్లని కప్పు తొలగినచోట, నల్లని నీరు ఆ వేడిమిని తనలో నింపుకొని మరింత మంచును కరగించును.

శీతకాలమున సముద్రము మరల తెల్లబడునుగదా యని కన్ను మోసపోవచ్చును. 1985 మార్చిలో నాలుగేండ్లు దాటిన మంచు మొత్తములో దాదాపు మూడవవంతుండగా, 2019 మార్చినాటికి అది నూటికి రెండుపాళ్లయినను లేదు. విస్తీర్ణమును ఒక్క శీతకాలము తిరిగి ఈయగలదు, వయస్సును ఈయజాలదు.

స్వాల్బార్డునందు 2008లో స్థాపితమైన మన దేశపు హిమాద్రి కేంద్రమునకు చేరువ, కాంగ్స్‌ఫ్యోర్డ్ జలములలో 2014లో భారత శాస్త్రజ్ఞులు దింపిన పరికరములు, సూర్యుడే కనబడని దీర్ఘరాత్రులయందును నీటి వేడిమిని, లవణమును కొలుచుచునేయుండినవి. నాన్సెన్ నౌకను మోసిన ముదురుమంచు ఏర్పడుటకు ఏండ్లు పట్టినది. మరల ఏర్పడవలెనన్నచో, భూగోళపు వేడిమిని తగ్గించి మనము దానికి ఈయవలసినది ఆ యేండ్లనే.