కొబ్బరికాయ కొట్టగానే ఒక్క స్టార్!

వీధి చివర కొత్త హోటల్ తెరిస్తే మొదటి వారమంతా గందరగోళమే. మాస్టర్‌కి పొయ్యి కుదరదు. సప్లయర్‌కి ఏ టేబుల్ ఏదో గుర్తుండదు. సాంబారు ఒక పూట నీళ్లలా, ఇంకో పూట ముద్దలా వస్తుంది. సరిగ్గా ఆ వారంలో తిన్నవాళ్లే ఫోన్ తీసి ఒక్క స్టార్ కొట్టి, కింద నాలుగు మాటలు దులిపేసి పోతారు. నెల తిరిగేసరికి మాస్టర్ చెయ్యి కుదురుతుంది. మ్యాప్స్‌లో పడ్డ రేటింగ్ మాత్రం అంత తేలిగ్గా కోలుకోదు.

ఆ అంకె ఖరీదెంతో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైకేల్ లూకా 2011లో లెక్కగట్టారు. అమెరికాలోని సియాటిల్ రెస్టారెంట్ల ఆదాయాన్ని రివ్యూల సైటు యెల్ప్‌లోని రేటింగులతో పోల్చి చూస్తే, ఒక్క స్టార్ తేడాకు రాబడి 5 నుంచి 9 శాతం మారుతోందని తేలింది. పెద్ద చెయిన్లలో ఈ ప్రభావం కనిపించలేదు. బోర్డు చూడగానే ఏం దొరుకుతుందో తెలిసిన చోట ఎవరూ రివ్యూలు చదవరు కదా! లాభమైనా దెబ్బయినా సొంత పేరుతో తెరిచిన చిన్నవాళ్లకే.

సిడ్నీలో పదకొండేళ్ల పేచీ

రేటింగులు రాకముందు హోటళ్లకు మార్కులు వేసే పని పత్రికల విమర్శకులది. సిడ్నీలోని కింగ్ స్ట్రీట్ వార్ఫ్‌లో 2003లో కోకో రోకో అనే రెస్టారెంట్ తెరిచారు. ఆ సెప్టెంబరులోనే ‘సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్’ విమర్శకుడు మాథ్యూ ఎవాన్స్ దానికి 20కి 9 మార్కులు వేసి, వంటకాలను ఉతికి ఆరేశారు. 2004 మార్చికల్లా అది మూతపడింది. యజమానులు పరువునష్టం దావా వేశారు. సమీక్షలో పరువు తీసేదేమీ లేదని మొదట జ్యూరీ అంది. పై కోర్టు కాదంది. ఆస్ట్రేలియా హైకోర్టు 2007లో పై కోర్టునే సమర్థించింది. చివరికి 2014లో యజమానులకు 6 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా పరిహారం దక్కింది. అప్పటికి హోటల్ లేక పదేళ్లు.

బెల్‌ఫాస్ట్‌లో కథ అడ్డం తిరిగింది. నగర పశ్చిమ భాగంలోని గుడ్‌ఫెల్లాస్ అనే పిజ్జా రెస్టారెంట్‌కు ‘ఐరిష్ న్యూస్’ 2000 ఆగస్టులో 5కి 1 మార్కు వేసింది. కోలాలో గ్యాస్ లేదని, చికెన్ మార్సాలా నోట పెట్టలేనంత తియ్యగా ఉందని, గదంతా పొగేనని రాసింది. 2007లో జ్యూరీ 25 వేల పౌండ్లు కట్టమంది. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఏది వాస్తవ కథనమో, ఏది అభిప్రాయమో జ్యూరీకి సరిగా విడమరిచి చెప్పలేదన్నది కారణం.

కొత్త హోటళ్ల తగువంతా ఈ తేడా దగ్గరే ఉంది. గ్లాసులో గ్యాస్ ఉందో లేదో తేల్చవచ్చు. తీపి ఎక్కువైందన్నది తిన్న నాలుక చెప్పే తీర్పు. అది ఎంత ఘాటుగా ఉన్నా చెప్పే హక్కు డబ్బు కట్టినవాళ్లకు ఉంది. ‘చెత్త హోటల్, ఎవరూ వెళ్లకండి’ అనే రెండు ముక్కల్లో మాత్రం ఈ రెండూ ఉండవు. దాన్నిబట్టి యజమాని దిద్దుకోవడానికీ ఏమీ దొరకదు.

షేవింగ్ ఫోమ్‌తో నంబర్ వన్

పొగడ్తలనైనా నమ్మొచ్చా అంటే, అదీ లేదు. లండన్‌లో ఊబా బట్లర్ అనే రచయిత 2017లో తన ఇంటి పెరట్లోని షెడ్డును రెస్టారెంట్‌గా ట్రిప్ అడ్వైజర్ అనే రివ్యూల సైటులో చేర్చారు. షేవింగ్ ఫోమ్ వంటి వాటితో వంటకాల ఫొటోలు తయారుచేశారు. స్నేహితులతో రివ్యూలు రాయించారు. ఒక్క ప్లేటు వడ్డించకుండానే ఆ షెడ్డు నగరంలో మొదటి ర్యాంకుకు ఎక్కింది!

కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్‌లో బొట్టో బిస్ట్రో యజమానులది ఇంకో దారి. యెల్ప్‌తో విసిగిపోయి, ఒక్క స్టార్ వేసినవారికి పిజ్జా మీద 25 శాతం తగ్గిస్తామని 2014లో ప్రకటించారు. జనం పోటీపడి మరీ సరదా తిట్లు రాశారు. ఆ తిట్లే హోటల్‌కు ప్రచారమయ్యాయి.

మన దగ్గర భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000:2022 అనే ప్రమాణం తెచ్చింది. రాసిన మనిషి అసలువాడో కాదో సరిచూడాలని, డబ్బిచ్చి రాయించినవి ప్రచురించరాదని అందులో ఉంది. అయితే అప్పుడు దాన్ని తెచ్చింది స్వచ్ఛంద ప్రమాణంగానే. తప్పనిసరి చేసే విషయమై 2024 మేలో కేంద్రం ఈ-కామర్స్ సంస్థలతో చర్చించింది.

సాంబారు పలచనైతే స్టార్లు తగ్గించి ఊరుకోవచ్చు. కూర పాచిపోయినా, తిన్నవాళ్లకు వాంతులైనా స్టార్లతో సరిపెట్టే వ్యవహారం కాదు. బిల్లు మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన 14 అంకెల నంబరు ఉంటుంది. ఆ బిల్లు దాచి, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేస్తే అది ఆహార భద్రతా అధికారులకు చేరుతుంది.