గుత్త లెక్క నుంచి బీజగణితం దాకా

మన పిల్లలకు లెక్కలు రావనే మాట బడుల్లో చాలా మామూలుగా వినబడుతుంది. నేను ఏడో తరగతిలో భాగహారం తప్పు చేస్తే మా సారు కొట్టలేదు. "సంతకం వస్తే చాలదారా, మీకు లెక్కలెందుకు?" అని నవ్విండు. వాడ పిల్లలం నలుగురం తలలు దించుకున్నం. ఆ సాయంత్రమే మా అమ్మ నాటు కూలి పంచింది. డజను మంది ఆడోళ్ల పైసలు కాగితం లేకుండా నోటిలెక్కతో తేల్చింది. ఎవరూ తేడా వచ్చిందనలేదు. ఆమెకు సంతకం కూడా రాదు.

ఇది మా ఇంటి ముచ్చట మాత్రమే కాదు. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో వీధుల్లో సరుకులమ్మే ఐదుగురు పిల్లలపై జరిగిన పరిశోధన 1985లో అచ్చయింది. బేరం మధ్యలో అడిగిన లెక్కలకు వాళ్లు 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కలను అంకెలుగా కాగితం మీద పెడితే 37 శాతమే సరిగ్గా చేశారు. మన ఢిల్లీ, కోల్‌కతా బజార్లలో పనిచేసే పిల్లల్లోనూ ఇదే తేడా ఉందని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2025లో ప్రకటించింది. బడికి మాత్రమే పోయే పిల్లలేమో బజారు లెక్కల్లో తడబడ్డారు. అంటే లోపం పిల్లల బుర్రలో లేదు. చేసే లెక్కకూ రాసే లెక్కకూ మధ్య బడి దారి వేయలేదు.

ఆ దారి ఎట్ల వేయాలి? ఒక పని చెప్తాను. పిల్లల్ని నలుగురైదుగురు చొప్పున జట్లు చేసి లెక్క నోటితో చెప్పండి. ఎకరం నాటుకు గుత్త 4,950 రూపాయలు. పన్నెండు మంది పొలంలో దిగిండ్రు. ఇద్దరు మధ్యాహ్నం ఇంటికి పోయిండ్రు. ఎవరికెంత? సూత్రం చెప్పొద్దు. కాగితం ముక్కలను నోట్లుగా ఇచ్చి పంచుకోనివ్వండి.

మా వాడ రాత్రిబడిలో ఈ లెక్క ఇస్తే ఒక జట్టు నేరుగా పన్నెండుతో భాగించబోయింది. "సగం రోజు చేసినోళ్లకు పూర్తి కూలెట్ల ఇస్తరు?" అని ఒక పిల్ల అడ్డుపడింది. ఆ ప్రశ్నతోనే లెక్క దారిలో పడ్డది. రెండు సగాలు కలిస్తే ఒకటి. మొత్తం పదకొండు కూళ్లు. కూలికి 400 చొప్పున ఇస్తే 4,400 పోయినయి, 550 మిగిలినయి. ఇంకో 50 చొప్పున ఇస్తే అయిపోయినయి. పూర్తి కూలి 450, సగం కూలి 225.

ఇక్కడ ఆపితే అది ఆటే. వాళ్లు పంచిన వరుసనే బోర్డు మీద రాయాలి. ముందు నాలుగు వందలు, తర్వాత యాభై. బడిలో భయపెట్టిన భాగహారం మెట్లు ఇవే కదా! తర్వాత పూర్తి కూలిని 'కూ' అనుకోమనాలి. పదిమందికి 10కూ, సగాలు రెండూ కలిపి ఒక కూ. 11కూ = 4,950. బీజగణితం మొదలైంది. జవాబును తిరిగి కూడి సరిచూడమనాలి. ఆ తర్వాత లెక్క మార్చాలి. మూడో మనిషి కూడా మధ్యాహ్నం పోతే? పూర్తి కూలి 470, సగం 235 ఇస్తే 15 రూపాయలు మిగులుతాయి. పుస్తకంలో శేషం అంటే ఒక అంకె. ఇక్కడ ఆ పదిహేను ఎవరికి చెందాలన్నది వాదన. పిల్లలు ఆ వాదన చేయాలి.

అమెరికాలో రాబర్ట్ మోజెస్ ఇదే పట్టుదలతో పనిచేశారు. 1960ల్లో మిసిసిపీలో నల్లవారిని ఓటర్లుగా నమోదు చేయించిన ఆయన 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్టు మొదలుపెట్టారు. పిల్లల్ని రైలెక్కించి, ఆ ప్రయాణాన్ని బొమ్మగా గీయించి, సొంత మాటల్లో చెప్పించి, ఆ మాటల్ని క్రమబద్ధం చేసి, చివరికి గుర్తుల్లో రాయించేవారు. బీజగణితం అందకపోవడం ఓటు అందకపోవడం లాంటిదేనని ఆయన వాదన.

రెండు జాగ్రత్తలు. డప్పు అంచును దారంతో కొలిచి, ఆ కొలతను అడ్డు కొలతతో భాగిస్తే మూడు కంటె కొంచెం ఎక్కువ వస్తుంది. పై విలువ చెప్పడానికి మంచి పని. కానీ ఒక పిల్లవాణ్ణి లేపి "మీ ఇంటి పనే కదా, నువ్వు చెప్పు" అంటే అది పాఠం కాదు, కులం ఎత్తి చూపడం. డప్పు, సైకిల్ చక్రం, కుండ మూతి అన్నీ పెట్టి అందరితోనూ కొలిపించాలి.

రెండోది, మన పిల్లలకు చేతిపనులు చాలు, పెద్ద గణితం ఎందుకనే వాదనకు ఈ పద్ధతిని వాడుకోనివ్వొద్దు. మా అమ్మ వందల నాట్ల కూలి పంచింది. కానీ ఆసామి అప్పు కాగితం మీద వడ్డీ ఎట్ల పెరిగిందో చదవలేకపోయింది. ఆయన ఎంతంటే అంత కట్టింది. నోటిలెక్క ఆమెను పొలం గట్టు దాకా తెచ్చింది, కాగితం దగ్గర ఆపేసింది. మన పిల్లలు ఆ కాగితం చదవాలి, తప్పుంటే తప్పని చూపించాలి. టీచర్లు, చదువుకున్న మన పిల్లలు వాడలో వారానికి ఒక సాయంత్రం ఇస్తే ఈ పని మొదలవుతుంది.