యాప్ మూలన పడితే తప్పు ఉద్యోగిదేనా?

2025 ఏప్రిల్ 14న తెలంగాణ ప్రభుత్వం భూ రికార్డుల కోసం భూభారతి పోర్టల్‌ను ప్రారంభించింది. ముందుగా అమలుకు ఎంచుకున్న నాలుగు మండలాల్లో మన నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. అంతకుముందున్న ధరణి పోర్టల్‌కు అలవాటు పడ్డ రెవెన్యూ సిబ్బంది మళ్లీ కొత్త పద్ధతిలోకి మారాల్సి వచ్చింది. ఉపాధి హామీలో, అంగన్‌వాడీల్లో కూడా కొన్నేళ్లుగా పనంతా ఫోన్‌లోకి చేరింది. ఎక్కడ తేడా వచ్చినా మనం ముందు తప్పుబట్టేది ఉద్యోగినే. ఉద్యోగులు కంప్యూటర్‌ను ఎందుకు స్వీకరిస్తారు, ఎందుకు పక్కన పెడతారు అన్నదానిపై నలభై ఏళ్లుగా జరిగిన పరిశోధన మాత్రం వేరే మాట చెబుతోంది.

అపోహ 1: ఉద్యోగులు మొండివాళ్లు, కొత్తదేదీ వాళ్లకు గిట్టదు.

వాస్తవం: అమెరికా పరిశోధకుడు ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రచురించిన 'సాంకేతికత స్వీకరణ నమూనా' ప్రకారం ఉద్యోగి మనసులో రెండు ప్రశ్నలుంటాయి. ఇది నా పనికి పనికొస్తుందా? దీన్ని వాడటం సులువా? ఈ రెండింటికీ దొరికే జవాబులే అతని నిర్ణయాన్ని నడిపిస్తాయి. పైకి మొండితనంలా కనిపించేది చాలాసార్లు 'దీనివల్ల నా పని తగ్గలేదు' అన్న అనుభవమే.

అపోహ 2: సులువుగా తయారుచేస్తే చాలు, అందరూ వాడేస్తారు.

వాస్తవం: డేవిస్ అధ్యయనంలో సులువు కన్నా ఉపయోగానికే ఎక్కువ బలం కనిపించింది. పనికొచ్చేదైతే కాస్త కష్టమైనా నేర్చుకుంటారు. పనికిరానిది ఎంత సులువైనా ముట్టుకోరు. 1995లో గుడ్‌హ్యూ, థాంప్సన్ అనే పరిశోధకులు దీనికి ఇంకో మాట చేర్చారు: సాధనం ఉద్యోగి చేసే పనికి అతకాలి. ధరణిలో రికార్డు తప్పులు చాలావాటిని సరిదిద్దే అధికారం కలెక్టర్ చేతిలోనే ఉండేది. రైతు ఎదురుగా నిలబడి అడిగినా తహసీల్దార్ చేయగలిగింది తక్కువ. భూభారతి చట్టం తహసీల్దార్, ఆర్డీవో స్థాయిల్లోనూ కొన్ని అధికారాలు ఇచ్చింది. స్క్రీన్ ఎంత బాగున్నా, అధికారం లేని చేతికి అది పనిముట్టు కాదు.

అపోహ 3: తప్పనిసరి చేస్తే వాడినట్టే.

వాస్తవం: ఉపాధి హామీ పనుల్లో యాప్ హాజరు 2023 జనవరి 1 నుంచి దేశమంతటా తప్పనిసరైంది. రోజుకు రెండుసార్లు పని దగ్గర ఫొటో తీయాలన్నారు. అయినా సంబంధం లేని ఫొటోలు, ఫొటోను మళ్లీ ఫొటో తీసి పెట్టడం వంటివి జరుగుతున్నాయని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. ఉత్తర్వు వేలి చేత బటన్ నొక్కిస్తుంది, మనసును ఒప్పించలేదు. పైవాళ్ల ఒత్తిడి మొదట్లో పనిచేసినా, అనుభవం పెరిగేకొద్దీ దాని ప్రభావం తగ్గుతుందని విశ్వనాథ్ వెంకటేశ్ బృందం 2003లో తేల్చింది.

అపోహ 4: వయసు మీరినవాళ్లకు, ఆడవాళ్లకు ఇవి ఎక్కవు.

వాస్తవం: ఎనిమిది సిద్ధాంతాలను కలిపి పరీక్షించిన ఆ 2003 అధ్యయనం ఎవరికీ 'ఎక్కదు' అనలేదు. ఎవరికి ఏది ముఖ్యమో మారుతుందని మాత్రమే చెప్పింది. కుర్ర ఉద్యోగులు 'నా పనికి లాభమేంటి' అన్నది ఎక్కువగా చూస్తారు. పెద్దవాళ్లు, కొత్తగా మొదలుపెట్టినవాళ్లు శ్రమను ఎక్కువగా లెక్కేస్తారు. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో రోజూ వివరాలు నింపుతున్నది మన అంగన్‌వాడీ టీచరమ్మలే కదా! ఇంట్లో కన్నడమో మరాఠీయో మాట్లాడేవాళ్లు ఎందరో ఉన్న ఈ సరిహద్దు జిల్లాలో, తెలిసిన భాషలో స్క్రీన్ ఉండటం కూడా శ్రమ తగ్గించడమే.

అపోహ 5: ఒక రోజు శిక్షణ ఇస్తే బాధ్యత తీరింది.

వాస్తవం: సిగ్నల్, మంచి ఫోన్, చిక్కు వస్తే అడగడానికి ఒక మనిషి... వెంకటేశ్ బృందం సిద్ధాంతం వీటిని 'అనుకూల పరిస్థితులు' అంటుంది. వాడాలని ఎంత మనసున్నా ఇవి లేకపోతే వాడకం ఆగిపోతుంది. 'సర్వర్ డౌన్, రేపు రండి' అన్న మాట రైతుకు ఎంత బాధో, చెప్పే ఆపరేటర్‌కూ అంతే బాధ.

మద్దూరు మండలంలో పోర్టల్‌తో పాటు ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు కాగితం మీదే తీసుకున్నారు. యంత్రం చుట్టూ మనుషులు నిలబడితేనే అది నడుస్తుందని ఒప్పుకోవడమే అది. రేపు ఇంకో యాప్ తయారుచేసేవాళ్లు ముందుగా మండల ఆఫీసులో ఆపరేటర్ పక్కన ఒక పూట కూర్చోవాలి. అతని పని చూశాకే స్క్రీన్ గీయాలి.