కొండదారిలో క్లచ్చు, పందెములో క్లచ్చు

పుష్యమాసపు తెల్లవారుజామున లంబసింగిలో ఎవరిని చూచినను అరచేతులు రుద్దుకొనుచునే యుందురు. చేతులు మెల్లగా ఆనించి రుద్దిన వేడి కొంచెము. నొక్కి రుద్దిన వేడి హెచ్చు. ఇంకను గట్టిగా నొక్కినచో అవి జారవు. ఒక చేయి రెండవదానిని తనవెంట లాగుకొనిపోవును. మోటారుకారులోని క్లచ్చు పని సరిగా ఇట్టిదే.

పెట్రోలు ఇంజను నిమిషమునకు ఏడెనిమిది వందల చుట్లకంటె మిక్కిలి తగ్గినచో ఆగిపోవును. నిలిచిన కారు చక్రములకో, వేగము సున్న. ఈ రెంటిని కుదుపు లేకుండ కలుపుటకే క్లచ్చు. ఇంజనుతో తిరుగు ఫ్లైవీలునకు, ప్రెషర్ ప్లేటునకు నడుమ లైనింగు అతికిన క్లచ్ ప్లేటు ఉండును. స్ప్రింగు ఆ మూటిని కలిపి నొక్కును. కాలితో పెడలు త్రొక్కినచో ఒత్తిడి తొలగి, ప్లేటు విడివడును. పెడలును సగము వదలినప్పుడు ప్లేటు జారుచునే బలమును అందించును. డ్రైవర్లు దీనినే 'హాఫ్ క్లచ్' అందురు.

నర్సీపట్నమునుండి చింతపల్లికి పోవు ఘాట్‌రోడ్డు, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తుననున్న లంబసింగి మీదుగా పోవును. (ఈ మార్గపు పనిలో గిరిజనులచే చాలీచాలని కూలికి బలవంతముగా చాకిరి చేయించుట, 1922 నాటి మన్యపు తిరుగుబాటునకు ఒక కారణము.) శీతకాలమున చెరువులవేనం మీదినుండి మేఘములను చూడవచ్చువారి కార్లు ఈ దారిలో బారులుతీరును. ఏటవాలుపై నిలిచి, బ్రేకు వేయక, హాఫ్ క్లచ్ మీదనే బండిని ఆపియుంచువారు పలువురు. దాని ఫలమేమో లెక్కవేయుదము.

మనుష్యులతో కలిపి కారు 1,200 కిలోగ్రాములు, వాలు పదునైదింట ఒకటి అనుకొందము. వెనుకకు లాగు బలము సుమారు 784 న్యూటన్లు. చక్రపు వ్యాసార్ధము 0.3 మీటరు, మొదటి గేరులో మొత్తము నిష్పత్తి 14 అయినచో, క్లచ్చు అందింపవలసిన టార్కు 16.8 న్యూటన్-మీటర్లు. ఇంజను నిమిషమునకు 1,500 చుట్లు, అనగా సెకనుకు 157 రేడియన్లు తిరుగుచున్నచో, ఈ రెంటి లబ్ధము సుమారు 2,600 వాట్లు. కారు కదలలేదు గనుక ఇదంతయు లైనింగులో వేడియగును. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు రెండున్నర ఆ చిన్న డబ్బాలో పెట్టినట్లే! కొంతసేపటికి మాడువాసన వచ్చుటలో వింత యేమి?

అట్లయిన పందెపు కారులోని బలమైన క్లచ్చును బిగించుకొందుమా? వేడి తగ్గదు, టార్కు, వేగము అవే గదా. పైగా క్రొత్త చిక్కు వచ్చును. మామూలు క్లచ్చు 200 న్యూటన్-మీటర్లు, పందెపుది 600 మోయగలవనుకొందము. 20 మిల్లీమీటర్ల పెడలు కదలికలో ఈ పట్టు సమముగా పెరిగినచో, మనకు కావలసిన 16.8 మొదటిదానిలో 1.7 మిల్లీమీటర్ల వద్ద, రెండవదానిలో 0.6 మిల్లీమీటరునకు లోపలనే దొరకును. చలికి కొంకర్లుపోయిన పాదము అంత సూక్ష్మముగా ఎట్లు కదలును? కొంచెము తక్కువైన కారు వెనుకకు జారును. ఎక్కువైన ఎగిరిదూకును, లేదా ఇంజను ఆగును. గట్టి స్ప్రింగు గనుక పెడలు బరువు కూడ హెచ్చు. పైగా మామూలు ప్లేటులో కుదుపు మ్రింగుటకై ఉంచు చిన్న స్ప్రింగులు అనేక పందెపు ప్లేట్లలో ఉండవు, గేరుబాక్సు గడగడలాడును.

పందెములో ఇవి దోషములు కావు. అచట హాఫ్ క్లచ్ పని బయలుదేరునప్పటి కొన్ని క్షణములే. ఫార్ములా 1 కారులో క్లచ్చును స్టీరింగు వెనుకనున్న మీటతో చేతనే నడుపుదురు. పరుగులో గేరు మార్చుటకు డ్రైవరు దానిని ముట్టనక్కరలేదు. దాని కార్బను ప్లేట్ల వ్యాసము సుమారు 100 మిల్లీమీటర్లే. ఒకే మందముగల బిళ్ల వ్యాసము సగమైనచో జడత్వ భ్రామకము పదునారవ వంతగును. కావున ఇంజను వేగము చిటికెలో మారగలదు. చిన్నదగుటచే తగ్గిన పట్టును పెక్కు ప్లేట్లు పేర్చి పూరింతురు. కార్బను వేడెక్కిన పిమ్మటనే బాగుగా పట్టును. లంబసింగి చలిలో అది మొదట జారి, పిదప ఒక్కసారిగా పట్టుకొనును.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ చెంత జరిగిన ఫార్ములా ఇ పందెపు కార్లకు గేర్లు మార్చు పని లేదు, క్లచ్చు అసలే లేదు. విద్యుత్ మోటారు నిలిచియున్న స్థితినుండియే టార్కు నీయగలదు. అయినను విద్యుత్ కారును ఘాట్‌రోడ్డుపై బ్రేకు వేయక మోటారు బలముతోనే నిలిపియుంచినచో, తిరుగని మోటారు తీగచుట్టలలో విద్యుత్తు ప్రవహించుచునే యుండును. లైనింగునకు బదులు ఆ తీగలు వేడెక్కును.