డెబ్బై మార్కుల గీత

చదువులో వెనుకబడిన విద్యార్థిని ఆటల పోటీలకు పంపవచ్చునా? ఈ ప్రశ్న ఏ దేశపు విద్యాలయంలోనైనా వినవచ్చేదే. దీనికి చట్టరూపంలో సమాధానం చెప్పబూనిన వారిలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం వారు ముఖ్యులు. వారి అనుభవాన్ని పాఠకుల ముందుంచడమే మా ఉద్దేశం.

టెక్సాస్‌లో ఉన్నత పాఠశాలల ఫుట్‌బాల్‌కు ఉన్న ఆదరణ అసాధారణమైనది. శరత్కాలంలో శుక్రవారం రాత్రి వచ్చిందంటే చిన్న పట్టణాలలో ఊరు ఊరంతా ఆటస్థలానికి చేరుతుంది. అంతటి మోజు ఉన్నచోట బంతి పట్టిన చేయి పుస్తకం పట్టకపోయినా అడిగేవారుండరు. గవర్నరు మార్క్ వైట్ పాలనలో, వ్యాపారవేత్త రాస్ పెరో అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఈ పరిస్థితిని తీవ్రంగా విమర్శించింది. తత్ఫలితంగా 1984లో వచ్చిన విద్యా సంస్కరణ చట్టంలో ఒక నిబంధన చేరింది. ఏ ఒక్క పాఠ్యవిషయంలోనైనా నూటికి 70 మార్కులకు తగ్గిన విద్యార్థి ఆరు వారాలపాటు ఆటలలోనే కాదు, బ్యాండుమేళంలో కూడా పాల్గొనరాదు. 'పాసు కాకుంటే ఆట లేదు' అన్నదే దాని సారాంశం, జనం పెట్టుకున్న పేరు కూడా అదే.

ఆశయాన్ని మేము తప్పుపట్టము. ఆటగాడిని నాలుగేళ్ళు వాడుకొని, చదువు చెప్పకుండా సాగనంపడం కంటె అన్యాయం మరొకటి లేదు. అయితే ఆ 70 మార్కులను ఎవరు, ఎలా లెక్కగడతారన్నది వేరే ప్రశ్న.

మన పదవ తరగతి పబ్లిక్ పరీక్షలో జవాబుపత్రం ఎక్కడికో పోతుంది. దిద్దేవారికి విద్యార్థి ముఖం తెలియదు, పేరు తెలియదు. అమెరికా పాఠశాలలో పాఠం చెప్పిన ఉపాధ్యాయుడే ప్రశ్నలిస్తాడు, తానే దిద్దుతాడు. పరీక్షకెంత, ఇంటిపనికెంత, తరగతిలో చూపిన శ్రద్ధకెంత అన్నది కూడా చాలావరకు అతని నిర్ణయమే. ఒక విద్యార్థికి పరీక్షలలో సగటున 64, ఇంటిపనిలో 85 వచ్చినవనుకుందాం. పరీక్షల వాటా ఎనభై పాళ్ళయితే మొత్తం 68.2; అతడు తప్పినట్లే. అదే వాటా అరవై పాళ్ళయితే 72.4, నిక్షేపంగా ఆడవచ్చు. పిల్లవాడు అతడే, అతడు నేర్చినదీ అంతే. మారినది గురువుగారి లెక్క.

ఇది ఊహాగానం కాదని 1988లో తేలిపోయింది. డాలస్ నగరంలో నల్లజాతి విద్యార్థులే అత్యధికంగా చదివే కార్టర్ ఉన్నత పాఠశాల జట్టు ఆ ఏడు మహాబలంగా ఉండేది. అందులోని ఒక ముఖ్యమైన ఆటగానికి బీజగణితంలో ఉపాధ్యాయుడు వేసిన మార్కులు గీతకు దిగువన ఉన్నవి. ప్రిన్సిపాల్ ఆ లెక్కను ఒప్పుకోలేదు. వేరొక పద్ధతిన లెక్కిస్తే విద్యార్థి ఉత్తీర్ణుడే అన్నారు. తగవు విద్యాశాఖ దాకా, అక్కడినుంచి న్యాయస్థానం దాకా పోయింది. పోటీలు జరుగుతున్నంతకాలం ఆ ఒక్క మార్కుల చీటీ మీద వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నవి. కోర్టు ఉత్తర్వుల అండతో ఆడిన కార్టర్ జట్టు ఆ డిసెంబరులో రాష్ట్ర విజేతగా నిలిచింది. తరువాత ఆ విజయాన్ని రద్దుచేసి, ఓడిన జడ్సన్ పాఠశాలకు ఇచ్చారు. బీజగణితంతో నిమిత్తం లేని తక్కిన పిల్లల శ్రమ కూడా దానితో తుడిచిపెట్టుకుపోయింది.

ఇటువంటి సందర్భంలో ఉపాధ్యాయుని స్థితి ఎంత ఇరకాటమైనదో ఆలోచించండి. రెండు మార్కులు కలిపితే పక్షపాతం. కలపకపోతే ఊరికి శత్రువు.

మరొక చిక్కు కూడా ఉన్నది. కఠినమైన గణితం తీసుకొని 68 తెచ్చుకున్నవాడు ఇంట కూర్చోవాలి. సులువైన తరగతిలో చేరి 75 తెచ్చుకున్నవాడు ఆడవచ్చు. తెలివిగలవాడు ఏ దారి పడతాడో చెప్పనక్కరలేదు. చట్టం చేసినవారికీ ఇది తట్టకపోలేదు. ఉన్నత స్థాయి తరగతులలో తప్పినవారికి మినహాయింపునిచ్చే అధికారం ప్రిన్సిపాల్‌కు ఇచ్చారు. ఇది సమానత్వానికి భంగమని కొందరు వ్యాజ్యం వేయగా, పాఠ్యేతర కార్యక్రమాలలో పాల్గొనడం ప్రాథమిక హక్కు కాదని టెక్సాస్ సుప్రీంకోర్టు 1985లో తీర్పు చెప్పి నిబంధనను నిలబెట్టింది. చట్టానికి సరిపోయిన తీర్పే. పిల్లవాని మనసుకు సరిపోతుందా అన్నది వేరు సంగతి.

ఉపాధ్యాయుని మార్కు ఒక్కటే చాలదని కళాశాలల క్రీడాసంస్థ ఎన్.సి.ఎ.ఎ. 1986 నుంచి మరో మార్గం తొక్కింది. కొత్తగా చేరే ఆటగానికి పదకొండు ప్రధాన విషయాలలో నాలుగింట రెండు సగటుతోపాటు ఎస్.ఎ.టి. అనే ఉమ్మడి పరీక్షలో 700 మార్కులు ఉండాలన్నారు. బీద పాఠశాలల నుంచి వచ్చే నల్లజాతి పిల్లలకు ఇది అడ్డుగోడ అని నిరసనలు లేచినవి. నిబంధనను ఇంకా బిగించబోయినపుడు, 1989 జనవరిలో జార్జ్‌టౌన్ బాస్కెట్‌బాల్ శిక్షకుడు జాన్ థాంప్సన్ ఆట మొదలవుతుండగానే మైదానం విడిచిపోయారు. చివరకు 2023లో ఆ ఉమ్మడి పరీక్ష షరతునే తొలగించారు. మళ్ళీ మిగిలింది తరగతి గదిలోని మార్కే!

కనుక వాటాలను సంవత్సరారంభంలోనే ప్రకటించడం, పోటీలు మొదలైన తరువాత వాటిని మార్చకపోవడం, అభ్యంతరం వస్తే ఆటతో సంబంధంలేని మరొక ఉపాధ్యాయుని చేత దిద్దించడం అవసరమని మేము భావిస్తున్నాము. శిక్ష విషయంలో మాత్రం టెక్సాస్ వారే 1995లో కొంత మెత్తబడ్డారు. మూడు వారాలలో మార్కులు సరిచేసుకుంటే తిరిగి ఆడవచ్చు. ఈలోగా పోటీలోకి దిగకపోయినా, తోటివారితో కలిసి సాధన చేసుకోవచ్చు.